చేతి రంపం గీత తప్పుతోంది: తప్పు రంపానిదా, చేతిదా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. రాజాంలో అద్దె ఇంట్లో ఉంటున్న మీరు, సెలవు రోజుల్లో పిల్లల పుస్తకాలకు అరలు చేసుకుందామని ఒక చేతి రంపమూ, ముప్పాతిక అంగుళం మందం గల మామిడి పలకలూ కొన్నారు. పెన్సిలు గీత మీదే రంపం పెట్టినా సగం దూరం వెళ్ళేసరికి కోత పక్కకు జరుగుతోంది. పైన సరిగా కనిపించిన కోత కింద ఏటవాలుగా తేలుతోంది, చివర్లో పలక అంచు పెచ్చులాగా ఊడి వస్తోంది. మంచి రంపం కొనాలా, కరెంటు రంపానికి పోవాలా అని అడిగారు.

రెండూ అక్కర్లేదు. మీ కోత చెడుతున్నది మధ్యలోనో చివరనో కాదు, మొదటి అంగుళంలోనే. రంపపు ఆకు వెడల్పుగా, బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి, ఒకసారి కర్రలో అంగుళం దాకా చాలు, అంటే రంపం కోసిన సన్న సందు, పడిందంటే ఆ చాలే దానికి దారి అవుతుంది. ఆ తరువాత మీరు పిడిని ఎంత మెలిపెట్టినా అది ఆ దారినే పోతుంది, లేదా మెలిక వల్ల ఇంకా పాడవుతుంది. అందువల్ల శ్రద్ధంతా గీత గీయడం మీద, నిలబడడం మీద, మొదటి పది లాగుళ్ళ మీద పెట్టండి. మిగిలిన కోత దాదాపు దానంతట అదే సాగుతుంది.

నేను బొబ్బిలిలో మా మేనమామ దగ్గర పని నేర్చుకున్నాను. ఇప్పుడు విజయనగరంలో తలుపులు, కిటికీలు, ఇంటి సామాను చేస్తూ ముప్పై ఏళ్ళు దాటింది. పదిహేడేళ్ళ వయసులో ఒక ద్వారబంధానికి కుసి, అంటే బెజ్జంలో దూరే కర్ర కొస, కోయమని మామయ్య నాకు అప్పగించారు. అది టేకు, పైగా ఇంటివాళ్ళు ఎప్పటి నుంచో దాచుకున్న కర్ర. కోత గీత నుంచి తప్పుతున్నట్లు సగంలోనే కనిపించింది. ఆగి చెప్పడానికి మొహమాటపడి, పిడిని గట్టిగా అవతలికి తిప్పి గీత మీదికి తెచ్చాననుకున్నాను. కోత పూర్తయ్యాక చూస్తే పైన గీత మీదే ఉంది, లోపల మాత్రం కొడవలిలా వంగి ఉంది. మామయ్య కుసిని వేలితో తడిమి, "గుంటడా, రంపం దానంతటది తిరగదురా, నువ్వు తిప్పితేనే తిరిగినాది" అన్నారు. కుసి సన్నబడి బెజ్జంలో వదులుగా ఆడుతుంటే, దానికి పలచని చెక్క రేకు అతికించి ఎలాగో నిలబెట్టారు. ఆ ఇంటివాళ్ళకు ఇప్పటికీ ఆ సంగతి తెలియదు.

ఇక మీ రంపం సంగతి. కొత్తది కొనే ముందు మీ చేతిలో ఉన్న దాన్నే మూడు విధాలుగా పరీక్షించండి. పిడిని కంటి దగ్గర పెట్టుకొని పళ్ళ వెంట చివరి దాకా చూడండి. ఆకు వంగి ఉంటే అక్కడే తెలిసిపోతుంది. తరువాత అంగుళానికి ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టండి. ముప్పాతిక అంగుళం పలకను అడ్డంగా కోయడానికి ఏడు ఎనిమిది పళ్ళది చాలు, పదీ పన్నెండూ ఉంటే కోత నెమ్మదిగా సాగినా నున్నగా వస్తుంది. ఏ కర్రకైనా మందంలో కనీసం మూడు పళ్ళు ఒకేసారి ఆనాలి. పావు అంగుళం ప్లైవుడ్ మీద ఎనిమిది పళ్ళ రంపం ఎగిరెగిరి పడేది అందుకే, అక్కడ ఆనేవి రెండు పళ్ళే. మూడో పరీక్షగా పళ్ళు ఎటు వాలి ఉన్నాయో చూడండి. బజారులో దొరికే రంపాల్లో ఎక్కువ భాగం తోసేటప్పుడు కోస్తాయి. మన పాత వడ్రంగులు నేల మీద కూర్చొని, మడమతో కర్రను తొక్కిపట్టి పని చేసే రంపాలు మాత్రం తమ వైపు లాగేటప్పుడు కోసేవి. ఈ తేడా తెలియక, లాగి కోసే రంపాన్ని బలంగా తోసి ఆకు వంచేసిన వాళ్ళను నేను చూశాను.

అడ్డకోతకూ నిలువుకోతకూ పళ్ళు వేరు. కర్రలోని నారకు అడ్డంగా కోసే పళ్ళు చిన్న కత్తుల్లా పక్కలకు పదును పెట్టి ఉంటాయి, అవి నారను రెండు వైపులా తెంపుతాయి. నార వెంట నిలువుగా చీల్చే పళ్ళు చిన్న ఉలుల్లా ఉండి నారను తొలుచుకుంటూ పోతాయి. నిలువుకోత రంపంతో అడ్డంగా కోస్తే ఎంత జాగ్రత్తపడ్డా అంచు పీచు తేలుతుంది. మీరు అరల పొడవు మాత్రమే కోస్తున్నారు కాబట్టి మీకు కావలసింది అడ్డకోత పళ్ళే.

పళ్ళు ఒకటి ఎడమకు, ఒకటి కుడికి కొద్దిగా వంచి ఉంటాయి. ఆ వంపు వల్లనే చాలు ఆకు కంటే వెడల్పుగా పడి రంపం బిగుసుకోకుండా ఆడుతుంది. ఒక వైపు వంపు ఎక్కువైతే రంపం అటే జరుగుతుంది. మీ చేతి తప్పు ఏదో, రంపం తప్పు ఏదో తేల్చుకోవడానికి ఇదే ఉపాయం. పనికిరాని ముక్క మీద ఏ ఒత్తిడీ పెట్టకుండా నాలుగు కోతలు కోయండి. నాలుగూ ఒకే వైపు జరిగితే రంపాన్ని అనుమానించండి, ఒకటి అటు ఒకటి ఇటు జరిగితే మీ చేతిని అనుమానించండి. రంపానిదే తప్పయితే, దాన్ని బల్ల మీద పరచి, ఎటు జరుగుతోందో ఆ వైపు పళ్ళ పక్కన సన్న సానరాయిని పిడి దగ్గర నుంచి కొస దాకా ఒక్కసారి తేలికగా రాసి, మళ్ళీ కోసి చూడండి. ఒక్కసారే రాయండి, ఎక్కువ రాస్తే రెండో వైపు జరగడం మొదలవుతుంది. పళ్ళ కొనలు నీలి నలుపుగా కనిపించే రంపాలు గట్టిపరచినవి, వాటికి ఆకురాయి పట్టదు. మొద్దుబారాక వాటిని మార్చుకోవలసిందే.

పెన్సిలు గీతను నమ్ముకోకండి. పెన్సిలు గీతకు దాని వెడల్పు ఉంటుంది, చెక్కేకొద్దీ ఆ వెడల్పు మారుతుంది, రంపం అందులో ఎటు పోయినా గీత మీదే ఉన్నట్లు కనిపిస్తుంది. మూలమట్టం (లంబకోణం చూసే పనిముట్టు) ఆనించి పదునైన చాకు మొనతో గీయండి. మొదటిసారి తేలికగా, రెండోసారి లోతుగా. చాకు గీత నారను ముందే తెంపేస్తుంది కాబట్టి పెచ్చు లేచినా ఆ గీత దగ్గర ఆగిపోతుంది. పై ముఖం మీద ఒక్కచోటే గీసి ఊరుకోకుండా, ఆ గీతను రెండు అంచుల మీదికి దింపి, అడుగు ముఖం మీద కూడా కలపండి. నాలుగు వైపులా తిరిగి వచ్చిన గీత మొదలైన చోటే కలవాలి. కలవలేదంటే మీ మూలమట్టమో, పలక అంచో వంకర. ఆ సంగతి కోయకముందే తెలిసిపోతుంది. మూలమట్టాన్ని పరీక్షించాలంటే తిన్నని అంచుకు ఆనించి ఒక గీత గీసి, మట్టాన్ని తిరగేసి అదే చోట మరో గీత గీయండి. రెండూ ఒకటైతే సరే. కింది కొసకు పోయేకొద్దీ విడిపోతే ఆ మట్టాన్ని పిల్లల ఆటకు ఇచ్చేయవచ్చు.

గీత గీశాక ఉంచుకొనే ముక్క ఏదో, పారేసే ముక్క ఏదో సుద్దతో గుర్తు పెట్టండి. రంపపు చాలు ఎప్పుడూ పారేసే వైపే పడాలి. చాలు వెడల్పు సుమారు ఒకటి నుంచి ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉంటుంది. అరలు నాలుగు కోసేసరికి ఆ తేడా కంటికి కనిపిస్తుంది. గీతకు పారేసే వైపున ఉలి వాలుగా పెట్టి, గీత పొడవునా సన్న చెక్కు తీసి పారేయండి. చిన్న గాడి పడుతుంది. దాని ఒక గోడ మీ చాకు గీతే కనుక రంపం ఆ గోడను ఆనుకొని కూర్చుంటుంది. కొత్తవాళ్ళకు ఇంతకు మించిన సాయం లేదని నా అనుభవం. మా దగ్గర పని నేర్చుకొనే వాళ్ళు మొదటి నెల ఇది విసుగనుకుంటారు.

ఇప్పుడు నిలబడడం. పలకను ప్లాస్టిక్ కుర్చీ మీద పెట్టి కోస్తున్నట్లు రాశారు. మీ కష్టంలో సగం అక్కడే ఉంది. కుర్చీ ఊగుతుంది, పలక ఊగుతుంది, వాటితోపాటు రంపమూ ఊగుతుంది. మోకాలి ఎత్తున, అంటే పద్దెనిమిది ఇరవై అంగుళాల ఎత్తున, బరువైన పీట గానీ పాత చెక్క బల్ల గానీ పెట్టుకొని, పలక మీద ఎడమ మోకాలు ఆనించండి. కోత పడే చోటు పీట అంచుకు రెండు మూడు అంగుళాల దూరంలోనే ఉండాలి. ఎంత దూరం బయటికి పోతే పలక అంత వణుకుతుంది. చిన్న ముక్కలకైతే వేరే పలక ఒకటి తీసుకొని, దాని పై ముఖం మీద అవతలి అంచుకు ఒక బద్ద, కింది ముఖం మీద మీ వైపు అంచుకు ఒక బద్ద మేకులు కొట్టి బిగించుకోండి. కింది బద్ద బల్ల అంచుకు తగులుకుంటుంది, పై బద్దకు ముక్క ఆనుకుంటుంది, తోసేకొద్దీ ముక్క ఇంకా గట్టిగా నిలుస్తుంది.

రంపపు ఆకు, మీ ముంజేయి, మోచేయి, భుజం ఒకే తిన్నని గీతలో ఉండాలి. మోచేయి ఒంటికి తగిలిందంటే అది పక్కకు తిరుగుతుంది, దానితో కోతా తిరుగుతుంది. అందుకే ఎడమ కాలు ముందుకు, కుడి కాలు వెనక్కు వేసి, ఒళ్ళు కాస్త పక్కకు తిప్పి చేతికి దారి వదలాలి. కన్ను ఆకుకు సరిగ్గా పైన ఉండాలి, ఎడమకో కుడికో వాలి చూడకూడదు. పిడిని మూడు వేళ్ళతో పట్టుకొని చూపుడు వేలిని ఆకు వెంట ముందుకు చాపండి. కొడవలి పట్టు వేరు, ఇది వేరు. పక్కనుంచి ఎవరైనా లాగితే రంపం మీ చేతిలోంచి సులువుగా వచ్చేసేంత వదులుగా ఉండాలి. పట్టు బిగిస్తే మణికట్టు బిగుస్తుంది, బిగిసిన మణికట్టు ప్రతి తోపుకూ కొద్దికొద్దిగా మెలి తిరుగుతుంది.

మొదలుపెట్టే తీరు ఇది. ఎడమ బొటనవేలి గణుపును గీత పక్కన పలక మీద ఆనించి, ఆకు పక్కను ఆ గణుపుకు తగిలించండి. పళ్ళ మీద కాదు, పళ్ళకు పైన ఉన్న నున్నటి భాగానికి. రంపపు బరువును చేతితో కాస్త పైకి ఎత్తిపట్టి, పలక అంచు మీద వెనక్కి రెండు మూడు సార్లు మెల్లగా లాగండి. చాలు పడినట్లు వేలికే తెలుస్తుంది. అప్పుడు కొంచెం కొంచెంగా ముందుకు తోయండి. ఆ సమయంలో పళ్ళు గరగరమంటూ పట్టేసుకుంటే బరువు ఎక్కువైందని అర్థం. అంగుళం దాకా తెగాక బొటనవేలు తీసేయండి. అడ్డకోతకు ఆకును పలకతో నలభై అయిదు డిగ్రీల వాలులో, నిలువుకోతకు అరవై డిగ్రీల వాలులో ఉంచాలి. ఇక పొడవైన తోపులు, ఆకు మొత్తం వాడుకుంటూ. మధ్యలో ఉన్న నాలుగు అంగుళాల పళ్ళతోనే పొట్టి పొట్టిగా గీకితే ఆ పళ్ళే అరిగిపోతాయి, కోతా గతుకులు పడుతుంది.

కొత్త రంపం మెరుస్తూ ఉంటే అదే మీకు అద్దం. పలక అంచు ఆకులో ప్రతిబింబించి కనిపిస్తుంది. అసలు అంచూ, దాని ప్రతిబింబమూ విరగకుండా ఒకే తిన్నని గీతగా సాగితే రంపం పలకకు నిటారుగా ఉన్నట్లు. ప్రతిబింబం పైకో కిందికో, పక్కకో విరిగితే మీ చేయి వాలిపోయినట్లు. నిలువు కోణం కొలవడానికి మూలమట్టం పట్టుకొని పదేపదే ఆగనక్కర్లేదు. మొదట్లో నా దగ్గర పని నేర్చుకొనేవాళ్ళ చేత ఒక గంట సేపు కోయించకుండా, రంపాన్ని పలక మీద ఊరికే నిలబెట్టి ప్రతిబింబం సరిచేయడమే చేయిస్తాను. మీ కోత కింద ఏటవాలుగా తేలడానికి ఇదే మందు. రంపానికి తుప్పు పడితే ఈ అద్దం పోతుంది. మా బంధువుల ఊరు సముద్రానికి దగ్గర, అక్కడ ఉప్పు గాలికి ఒక్క వానాకాలంలోనే కొత్త రంపం ఎర్రబడింది. పని అయ్యాక ఆకుకు కొబ్బరినూనె గుడ్డతో పలచగా తుడిచి పెట్టుకోండి, మళ్ళీ పనికి ముందు పొడి గుడ్డతో తుడిచేయండి.

గీత తప్పుతున్నట్లు ముందే కనిపిస్తే ఏం చేయాలి? మెలిపెట్టకండి. రంపాన్ని వెనక్కి తీసి, తప్పు మొదలైన చోటి నుంచి వాలు తగ్గించి, ఒత్తిడి లేకుండా గీత వెంట మళ్ళీ కొత్త చాలు పడేలా నాలుగు లాగుళ్ళు లాగండి. తప్పు అరంగుళం లోతు దాటిపోతే దానితో కుస్తీ పట్టవద్దు. పలకను తిరగేసి అవతలి అంచు నుంచి కొత్తగా కోసుకురండి, రెండు కోతలు మధ్యలో కలుస్తాయి. మిగిలిన చిన్న మెట్టును చిత్రికతో (కర్రను నున్నగా చేసే పనిముట్టుతో) తీసేయవచ్చు. గీత నాలుగు ముఖాల మీదా ఉండాలని నేను పట్టుబట్టడానికి ఇదీ ఒక కారణమే.

పెచ్చు ఊడడం గురించి. తోసే రంపం పళ్ళు పలక అడుగు నుంచి బయటికి వస్తాయి కాబట్టి అడుగు ముఖమే లేస్తుంది. కనిపించే మంచి ముఖం పైకి ఉంచాలి. లాగే రంపానికి ఇది తలకిందులు, మంచి ముఖం కిందికి. చివరి అరంగుళం దగ్గరికి వచ్చేసరికి చాలామందికి తొందర పుడుతుంది, తెగిపోయే ముక్క తన బరువుకు వేలాడి నారను చీల్చుకుంటూ పడుతుంది. అక్కడ ఎడమ చేత్తో ఆ ముక్కను కింద నుంచి మోస్తూ, పైకి ఎత్తకుండా, పొట్టి తేలిక తోపులతో ముగించండి. ఎత్తితే కోత చాలు మూసుకుపోయి రంపం బిగుస్తుంది, వదిలేస్తే చీలుతుంది. ప్లైవుడ్ అయితే పై పొర కాగితంలా లేస్తుంది. రెండు ముఖాలా చాకు గీత గీసి, అడుగున ఒక పనికిరాని చెక్క ఆనించి కోయండి.

రంపం బిగుసుకోవడం కొన్నిసార్లు మీ తప్పు కాదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో కొబ్బరి, జీడి, పనస చెట్లు లెక్కలేనన్ని కూలిపోయాయి. సోంపేట దగ్గరి మా తోడల్లుడు తన తోటలో పడిపోయిన పనసను పలకలు కోయించి, రెండు నెలలు తిరక్కుండానే నా దగ్గరకు మంచం చేయమని తెచ్చాడు. పసుపు పచ్చని చక్కని కర్ర, బొబ్బిలి వీణను ఏకాండీగా, అంటే ఒకే మొద్దు నుంచి, తొలిచే జాతి కర్రే. రంపం రెండంగుళాలు దిగగానే చాలు మూసుకుపోయి ఆకును పట్టేసింది. లోపల తడి ఇంకా ఆరలేదు, కోసేకొద్దీ కర్రలోని బిగువు విడిపోయి రెండు ముక్కలూ దగ్గరికి జరుగుతున్నాయి. వెనక చాలులో పలచని చీలిక దూర్చి, ఆకుకు మైనపు ఒత్తి రాసి ఎలాగో కోశాను కాని, ఆ తరువాత ఆ పలకలు ఆరుతూ మెలి తిరిగాయి, మంచం పట్టీలు మళ్ళీ చేయవలసి వచ్చింది. మీ మామిడి పలక చల్లగా, బరువుగా అనిపించి, రంపపు పొట్టు వేళ్ళకు ముద్దగా అంటుకుంటే అది పచ్చిది. నీడలో బద్దలు పెట్టి, గాలి ఆడేలా పేర్చి ఆరబెట్టండి. ఎన్ని రోజులంటే కర్రను బట్టి నెలలు. తొందరైతే ఎండిన కర్రే కొనండి.

పాత ఇళ్ళు పడగొట్టిన కర్ర చౌకగా దొరుకుతుంది, బాగా ఆరి ఉంటుంది, నేనూ వాడతాను. కాని తలలు విరిగిపోయిన మేకులు లోపల దాక్కొని ఉంటాయి. ఒక్క మేకుకు నా రంపం పళ్ళు నాలుగు పోయాయి. కోసే చోట అయస్కాంతం తిప్పి చూసుకోండి.

కరెంటు రంపం గురించి నా అభిప్రాయం అడిగారు. రోజూ పది పలకలు కోసేవాళ్ళకు అది కావాలి, నా దగ్గరా ఉంది. నాలుగు అరలకు, అద్దె ఇంట్లో, పక్కింటివాళ్ళ మధ్య దానికి ఖర్చు పెట్టమని నేను చెప్పను. పైగా గీత గీయడం రాని చేతికి ఆ యంత్రం తప్పు కోతను వేగంగా కోసిపెడుతుంది, వేలు దగ్గరుంటే దాన్నీ కోస్తుంది.

ఇంకొకటి చెప్పాలి. మా కోతలు కూడా రంపం నుంచి దిగగానే నున్నగా ఉండవు. చాకు గీతకు అర మిల్లీమీటరు వదిలి కోసి, ఆ మిగిలినది చిత్రికతో గీత దాకా తీస్తాం. చివరి ముఖం మీద చిత్రిక పట్టేటప్పుడు రెండు అంచుల నుంచి మధ్యకు పట్టాలి, ఒకే వైపు నుంచి పోతే అవతలి అంచు ఊడుతుంది. కొత్తవాళ్ళు రంపం కోతనే చివరి ముఖం అనుకొని నిరాశపడతారు.

మీరు ఈ ఆదివారం అరలను ముట్టుకోకండి. పనికిరాని బద్ద ఒకటి తీసుకొని, అరంగుళం దూరంలో వరుసగా ఇరవై చాకు గీతలు గీసి, ఒక్కొక్క ముక్కా కోయండి. ప్రతి ముక్కకూ మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి చూసి, వెలుగు ఎక్కడ కారుతోందో ఆ ముక్క మీదే పెన్సిలుతో రాసుకోండి. పదో ముక్క తరువాత ఒకే తప్పు మళ్ళీ మళ్ళీ వస్తున్నట్లు కనిపిస్తుంది, నా ఊహ ప్రకారం మీది కుడివైపు వాలు.

ఇప్పటికే వంకరగా కోసిన పలకలను పారేయకండి. అన్నిటికంటే పొట్టిగా వచ్చిన దాన్ని కొలతగా పెట్టుకొని, మిగిలిన మూడింటినీ దాని మీద ఆనించి చాకుతో గీత దింపి, మళ్ళీ కోయండి. టేపుతో విడివిడిగా కొలవకండి. నాలుగుసార్లు కొలిస్తే నాలుగు పొడవులు వస్తాయి. అరల పొడవు ఒక అంగుళం తగ్గినా పిల్లల పుస్తకాలు పడతాయి, నాలుగు అరలూ సమానంగా ఉంటే చాలు.